ఇంతిజార్‌కి కూడా ఒక హద్దు ఉండాలి

2016 జూలై 22, శుక్రవారం. కాశీబుగ్గలో జుమా నమాజ్ చదివి బయటికొచ్చి, సైలెంట్‌లో పెట్టిన ఫోన్ చూసుకుంటే విశాఖ డెస్క్ నుంచి ఆరు మిస్డ్ కాల్స్. చెప్పులు వేసుకుంటూనే ఫోన్ చేశాను.

“భాయ్, మద్రాసు నుంచి పోర్ట్‌బ్లెయిర్ పోతున్న ఎయిర్‌ఫోర్స్ విమానం పొద్దున్నించి కనబడట్లేదు. మన ఎన్‌.ఏ.డి. వాళ్ళు కూడా అందులో ఉన్నారంట. మీ సైడు వాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కో.”

ఎన్‌.ఏ.డి. అంటే విశాఖలోని నేవల్ ఆర్మమెంట్ డిపో. మా పలాస, టెక్కలి, ఉద్దానం పిల్లలకు విశాఖలో నేవీ ఉద్యోగమంటే ఎంత ఖదర్ ఉంటుందో మీకు తెలుసు. డాక్‌యార్డు కావచ్చు, డిపో కావచ్చు, తుపాకీ పట్టే నౌకరీయే కానక్కర్లేదు. ఫిట్టరైనా, మెకానిక్కయినా చాలు, నికాహ్ సంబంధాలు ఇంటికి నడిచొస్తాయి. ఆ మధ్యాహ్నం నేను ఎన్ని ఇళ్ళకు ఫోన్ చేశానో గుర్తులేదు. నేను చేసిన ప్రతి ఇంట్లోనూ “మావాడు ఇంట్లోనే ఉన్నాడు, అల్లా కా షుకర్” అనో, “మావాడు డ్యూటీలో ఉన్నాడు బావూ, ఇప్పుడే మాట్లాడాం” అనో చెప్పారు. ప్రతి జవాబుకీ ఊపిరి పీల్చుకున్నాను. వెంటనే సిగ్గూ వేసింది. మనవాళ్ళు కాకపోతే ఇంకెవరివాళ్ళో అయ్యుంటారు కదా.

ఆ విమానం ఏఎన్‌-32. నంబరు కె-2743. పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో తాంబరం ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ నుంచి లేచింది. తొమ్మిది దాటాక చెన్నైకి తూర్పున సుమారు 150 నాటికల్ మైళ్ళ దూరంలో, ఇరవై మూడు వేల అడుగుల ఎత్తు నుంచి ఎడమవైపు తిరిగి, వేగంగా కిందికి దిగుతున్నట్టు రాడార్‌లో కనబడింది. తర్వాత ఏమీ లేదు. లోపల 29 మంది. ఆరుగురు విమాన సిబ్బంది, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు పదకొండు మంది, ఆర్మీ వాళ్ళు ఇద్దరు, నేవీ నుంచి ఒకరు, కోస్ట్‌గార్డ్ నుంచి ఒకరు. మిగిలిన ఎనిమిది మంది యూనిఫాం లేని సివిలియన్ ఉద్యోగులు, మన విశాఖ ఎన్‌.ఏ.డి. వాళ్ళు. పనిమీద అండమాన్ పోతున్న కారీగర్లు.

రాత్రి హెడ్డింగు పెట్టేటప్పుడు డెస్క్‌లో చిన్న బహస్ నడిచింది. “విమానం అదృశ్యం” అందామా, “29 మంది గల్లంతు” అందామా? మన తెలుగు పేపర్లలో జాలర్లు తిరిగి రాకపోతే “గల్లంతు” అంటాం, విమానం రాకపోతే “అదృశ్యం” అంటాం. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ణి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి. ఒక మాట వినగానే రెండో జబాన్‌లో దాని జోడీ వెతకడం నా ఆదత్. గాయబ్, లాపతా, గుమ్‌షుదా అన్నీ మనసులో తిరిగాయి. ఆఖరికి ఒక మాట దగ్గర ఆగిపోయాను. మఫ్ఖూద్. ఉన్నాడో లేడో ఖబర్ లేని మనిషి. ఫిఖ్హ్ కితాబుల్లో ఆ మనిషి కోసం ఒక బాబే ఉంది. ఆ మాట నేను కితాబులో చదవకముందే మా ఇంట్లో విన్నాను.

మా మామూ, అంటే అమ్మీ తమ్ముడు, సరుకు ఓడలో ఖలాసీ. టెక్కలిలో నానీ ఇంటి నుంచి పెట్టె సర్దుకుని, కలకత్తా పోయి ఓడ ఎక్కేవాడు. నేను అలీఫ్ బే దిద్దుతున్న రోజుల్లో అలా వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. ఓడ నడుస్తుండగా ఒక తెల్లవారుజామున హాజరు తీసుకుంటే ఆయన లేడట, వెతికినా దొరకలేదట. అబ్బా ఆ ఉత్తరాన్ని నానీకి చదివి వినిపించాడు. నానీ సాంతం విని ఒక్క మాటే అంది: “మర్ గయా అని ఎక్కడైనా రాశారా?” రాయలేదు. “అయితే ఆయేగా బేటా, జరూర్ ఆయేగా.”

ముమానీకి అప్పటికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఒళ్ళో కూతురు. రావాల్సిన జీతం బకాయి గురించి అడిగితే మౌత్ సర్టిఫికెట్ తెమ్మన్నారు, లేకపోతే ఏడేళ్ళు ఆగి కోర్టు కాగితం తెమ్మన్నారు. ఏడేళ్ళు గడిచాక కోర్టుకు ఎవరు పోవాలి? పోయి “నా కొడుకు చనిపోయాడు” అని నానీ చెప్పాలా? అది తన చేత్తో తనే కొడుకు మీద మట్టి వేసినట్టు అని నానీ ఏడ్చింది. ఎవరూ పోలేదు. ముమానీ పలాస వచ్చి, మా ఇంటి పక్కనే ఒక గది తీసుకుని, జీడిపిక్కల కార్ఖానాలో పనికి చేరింది. జీడి నూనెకు వేళ్ళు నల్లబడిపోయేవి. ఇద్దత్‌లో కూర్చోలేదు, ఎందుకంటే బేవా కాదు. ఈద్‌కు కొత్త చీర కట్టుకోలేదు, ఎందుకంటే మొగుడు లేడు. మెడలో నల్లపూసలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎవరైనా ఏమన్నా అంటే నానీ యాఖూబ్ అలైహిస్సలాం పేరు చెప్పేది. ఆయన యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు పోగొట్టుకున్నాడు, అయినా ఉమ్మీద్ వదల్లేదు కదా అనేది. నానీ గమ్ ఎంత సచ్చాదో నాకు తెలుసు. కానీ ఇప్పుడు ఈ వయసులో ఒక మాట అనాలనిపిస్తోంది. యాఖూబ్ అలైహిస్సలాం తన ఇంతిజార్ తానే మోశారు. దాన్ని తీసి ఇంకో ఇంటి నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళ పిల్ల నెత్తిన పెట్టలేదు.

షరీఅత్ ఇలా చెయ్యమని చెప్పిందా? చెప్పలేదు. హనఫీ ఫిఖ్హ్‌లో పాత రాయ్ చాలా సఖ్త్‌గా ఉన్న మాట నిజమే. మఫ్ఖూద్ ఈడువాళ్ళంతా పోయేదాకా, కొందరి లెక్కలో అతనికి తొంభై ఏళ్ళు వచ్చేదాకా, అతను బతికున్నట్టే. కానీ హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు నాలుగేళ్ళు ఆగమని, తర్వాత నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ అని ఫైసలా ఇచ్చారు. ఇమామ్ మాలిక్ మస్లక్ అదే. మన హిందుస్తాన్‌లో ఇలాంటి ఔరతుల హాల్ చూసి, 1930ల్లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ, ఆయన పక్కా హనఫీ, ఈ మసలాలో మాలికీ మస్లక్ మీద నడవొచ్చని “అల్ హీలతున్ నాజిజా” రాశారు. దాని అసర్‌తోనే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. అందులో మొట్టమొదటి వజాహ్ ఇదే: భర్త ఆచూకీ నాలుగేళ్ళుగా తెలియకపోతే భార్య కోర్టు నుంచి డిక్రీ తీసుకోవచ్చు. ఆ డిక్రీ ఆరు నెలల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఈ లోపల మనిషి తిరిగొచ్చి, కాపురం చేసుకుంటానని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది. చూడండి, ఉమ్మీద్‌కి కూడా కానూన్ జాగా వదిలింది. కాకపోతే దానికి ఒక హద్దు పెట్టింది.

మా మామూ పోయేనాటికి ఆ చట్టానికి యాభై ఏళ్ళ ఉమర్ ఉంది. మా బస్తీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ముమానీతో ఆ మాట చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, మసీదు కమిటీలో చెప్పలేదు, చదువుకున్న అబ్బా కూడా చెప్పలేదు. అందరం సబ్ర్ చెయ్యమన్నాం. ఆమె మళ్ళీ నికాహ్ చేసుకునేదో లేదో, అది ఆమె మర్జీ. ఆ మర్జీ ఆమెకు ఉందని తెలియనివ్వకపోవడం మాత్రం మా గునాహ్.

ఏఎన్‌-32 కుటుంబాల విషయంలో ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం. ఓడలు, విమానాలు, సబ్‌మెరైన్ అన్నీ వెతికాయి. సముద్రం అడుగు చూడ్డానికి సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ అనే పరిశోధన నౌకల్ని కూడా రప్పించారు. ఏమీ దొరకలేదు. మధ్యలో ఒక కుటుంబం తమవాడి ఫోన్‌కు చేస్తే రింగ్ అయిందని చెప్పింది. ఆ ఖబర్ వచ్చిన రోజు ముమానీ మా ఇంటికొచ్చి “సచ్ హై క్యా బేటా?” అని అడిగింది. ఆమె ఎవరి గురించి అడుగుతోందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

సెప్టెంబర్ 15న, అంటే 55 రోజులకు, 29 మందీ మరణించినట్టు భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేశారు. అప్పట్లో చాలామంది ఇది జల్దీబాజీ అన్నారు. ఒక్క శకలం దొరక్కుండా ఎలా చెప్తారని అడిగారు. ఆ దర్ద్ నాకు తెలుసు. అయినా నా రాయ్ ఏమిటంటే, ఆ ఫైసలా సరైనదే. ఆ కాగితం లేకపోతే పెన్షన్ కదలదు, బీమా కదలదు, పిల్లల ఫీజు కదలదు. కొడుకు పోయాడని తల్లి తన నోటితో చెప్పాల్సిన పని లేకుండా, ఆ బరువు హుకూమత్ తీసుకుంది. మలేషియా కూడా అలాగే చేసింది. 2014 మార్చి 8న ఎంహెచ్‌-370 విమానం 239 మందితో కనబడకుండా పోతే, 2015 జనవరి 29న ప్రమాదమని, అందరూ మరణించినట్టేనని ప్రకటించింది. వెతకడం మాత్రం ఆపలేదు. కాగితం ఇవ్వడం, వెతకడం రెండూ ఒకేసారి జరగొచ్చు. ఒకటి ఇచ్చాం కాబట్టి రెండోది అక్కర్లేదనుకోవడమే జుల్మ్.

ఎన్‌.ఏ.డి. వాళ్ళ విషయంలో రెండోది రావడానికి ఏడున్నరేళ్ళు పట్టింది. 2024 జనవరి 12న రక్షణ శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళ యంత్రం, మనిషి లేకుండా తనంతట తానే సముద్రం అడుగున తిరిగేది, 3,400 మీటర్ల లోతులో ఫొటోలు తీసింది. చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ళ దూరంలో. అవి ఏఎన్‌-32 శకలాలతో సరిపోతున్నాయి. ఆ ప్రాంతంలో ఇంకే విమానమూ పోయినట్టు రికార్డు లేదు.

ఇంత ఆలస్యం ఎందుకైంది? విమానంలో ఎమర్జెన్సీ లొకేటర్లు ఉన్నాయి కానీ అవి నీళ్ళలో మునిగితే సిగ్నల్ బయటికి రాదు. నీళ్ళలో పడ్డాకే పనిచేసే అండర్‌వాటర్ లొకేటర్ బీకన్ అనేది వేరే ఉంటుంది. చిన్న పరికరం, పడిన చోటి నుంచి నెల రోజులపాటు శబ్దం పంపుతూ ఉంటుంది. అది ఆ ఏఎన్‌-32లో లేదు. ఏడాదికి పైగా ముందు, 2015 జూన్ 8న, ఇదే బంగాళాఖాతంలో తమిళనాడు తీరం దగ్గర కోస్ట్‌గార్డ్ డోర్నియర్ ఒకటి ముగ్గురితో పడిపోయింది. దాని బీకన్ శబ్దాన్ని సింధుధ్వజ్ అనే మన సబ్‌మెరైన్ విన్నది. జూలైలోనే, దాదాపు వెయ్యి మీటర్ల లోతు నుంచి బ్లాక్‌బాక్స్ పైకి తెచ్చారు. ఎయిర్‌ఫ్రాన్స్ 447 విమానం 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో 228 మందితో మునిగితే, రెండేళ్ళు పట్టినా 3,900 మీటర్ల లోతు నుంచి బ్లాక్‌బాక్సులు తీశారు. ఎందుకు పడిందో లోకానికి తెలిసింది. అంటే లోతు ఒక్కటే సమస్య కాదు. సముద్రం మీద ఎగిరే ప్రతి విమానంలో, అది మిలటరీదైనా సరే, ఆ చిన్న పరికరం ఉండాల్సిందేనని పట్టుబట్టడం ఆ 29 మందిని యాద్ చేసుకునే ఒక పద్ధతి. పూలదండ కన్నా మంచి పద్ధతి.

ఇక మన తీరం సంగతి. భావనపాడు నుంచి ఇచ్ఛాపురం దాకా ఉద్దానం సముద్రం పొడుగునా మత్స్యకార పల్లెలున్నాయి. అక్కడ “గల్లంతు” అనే మాట రాయడానికి నేను ఎన్నిసార్లు వెళ్ళానో. వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్ళో, తెప్ప తిరగబడి మొగుడు రాని ఒక అమ్మ నాతో అంది: “శవం దొరికినా బాగున్ను బావూ. దొరికితే ఏడుద్దుం, కాగితమైనా వొచ్చును.” ఒక ఆఫీసులో ఆమెను ఏడేళ్ళ తర్వాత రమ్మన్నారు. కానూన్ అలాగే ఉంది మరి. ఏడేళ్ళుగా ఖబర్ లేని మనిషి బతికే ఉన్నాడని ఎవరైనా అంటే, నిరూపించే బాధ్యత వాళ్ళదే అని ఎవిడెన్స్ చట్టం 108వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చినా ఆ ఏడేళ్ళ లెక్క మారలేదు.

కానీ ఆ ఏడేళ్ళు లెక్క తేలని మనిషి కోసం పెట్టినవి. ఇంట్లో చెప్పకుండా ఎటో వెళ్ళిపోయిన మనిషికీ, తుఫానులో అందరూ చూస్తుండగా తెప్ప మునిగిన మనిషికీ ఒకే కొలత ఎలా పనికొస్తుంది? ఏఎన్‌-32 వాళ్ళకు 55 రోజుల్లో మౌత్ ఒప్పుకున్న దేశం, మన తీరంలో ఒక జాలరి భార్యను ఏడేళ్ళు నిలబెట్టాలా? 2017లో ఓఖీ తుఫాను తర్వాత కేరళ, తమిళనాడు తిరిగిరాని జాలర్ల కుటుంబాలకు ఏడేళ్ళు ఆగకుండానే పరిహారం ఇచ్చాయి. అంటే మనసుంటే దారి ఉంది. అది పెద్ద తుఫాను వచ్చినప్పుడు, టీవీల వాళ్ళు వచ్చినప్పుడు మాత్రమే కాకుండా, ఒక్క తెప్ప మునిగినా వర్తించే ఖాయిదా కావాలి. తోటి తెప్పల వాళ్ళ గవాహీ, మెరైన్ పోలీసుల రిపోర్టు, ఇన్ని నెలలని ఒక గడువు. అంతే.

మన జిల్లా వాళ్ళకు ఇంతిజార్ రకాలు బాగా తెలుసు. 2018లో గుజరాత్ బోట్ల మీద పనికి పోయి, హద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకున్న శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు గుర్తున్నారు కదా. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దగ్గర తిరిగొచ్చారు. ఆ పదమూడు నెలలూ వాళ్ళ ఆడవాళ్ళు పడిన తకలీఫ్ తక్కువది కాదు. అయినా మనిషి ఎక్కడున్నాడో తెలుసు. కరాచీ జైలే అయినా, ఒక జాగా ఉంది. ఆ జాగా కూడా లేనివాళ్ళ హాల్ వేరు.

ఇప్పుడు మన ఇళ్ళకు, మన మసీదులకు ఒక గుజారిష్. మన పిల్లలు ఓడల మీద ఉన్నారు, గల్ఫ్‌లో ఉన్నారు, నేవీలో ఉన్నారు. అల్లా అందరినీ సలామత్‌గా ఉంచుగాక. కానీ ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి ముసీబత్ వస్తే, సబ్ర్ గురించి చెప్పే ముందు నాలుగు పనులు చెయ్యండి. మొదటి వారంలోనే పోలీసు స్టేషన్‌లో మిస్సింగ్ కేసు పెట్టి కాపీ తీసుకోండి, ఎందుకంటే రేపు ఏ ఆఫీసుకు పోయినా మొట్టమొదట అడిగేది అదే. పాస్‌పోర్టు, అగ్రిమెంటు, బీమా కాగితాలు ఆ భార్య చేతికి ఇవ్వండి, బావగారి బీరువాలో కాదు. 1939 చట్టం సంగతి, నాలుగేళ్ళ సంగతి ఆమెకు చెప్పండి, ఆమె అడగకముందే చెప్పండి. కాజీ సాబ్‌తోనూ వకీల్‌తోనూ మాట్లాడేటప్పుడు ఆమెను కూడా కూర్చోబెట్టండి. జనాజా నమాజ్ సంగతి అడుగుతారు. మయ్యిత్ ఎదురుగా లేకుండా చదివే గాయబానా నమాజ్ షాఫయీ మస్లక్‌లో ఉంది, మన హనఫీలో లేదు. దానిమీద కొట్లాట వద్దు. దుఆ-ఎ-మగ్ఫిరత్‌కి, ఈసాల్-ఎ-సవాబ్‌కి ఎవరూ అడ్డం కాదు. నీళ్ళలో మునిగిపోయినవాళ్ళకు షహీద్ దర్జా ఉందని హదీసుల్లో వచ్చింది. ఆ మాట ఆ తల్లికి చెప్పండి. కొడుకు లేడని ఒప్పుకున్నంత మాత్రాన కొడుకుతో బేవఫాయీ చేసినట్టు కాదని కూడా చెప్పండి.

2024 జనవరిలో ఆ శకలాల ఫొటో వచ్చిన రోజు సాయంత్రం ముమానీకి ఫోన్‌లో చూపించాను. నానీ పోయి చాలా ఏళ్ళైంది. ముమానీకి ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఎంత లోతు బేటా?”

“మూడు వేల నాలుగు వందల మీటర్లు ముమానీ. అంటే మూడు కిలోమీటర్ల పైనే, కిందికి.”

“మనుషుల్ని తియ్యరా?”

“ఫొటోలు మాత్రమే తీశారు.”

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “చలో, వాళ్ళకి జాగా అయినా తెలిసింది” అంది. ఆ ఎనిమిది మంది ఎవరో, వాళ్ళ మజహబ్ ఏమిటో ఆమె అడగలేదు. చేతులెత్తి వాళ్ళ ఇంటి ఆడవాళ్ళ కోసం దుఆ చేసింది. చెయ్యి దించేటప్పుడు మెడలో నల్లపూసలు సర్దుకుంది.

మామూ పోయి ముప్ఫై ఐదేళ్ళు దాటింది. వచ్చే వారం మా చెల్లి, అంటే మామూ కూతురు, నేను, ఇద్దరం టెక్కలి కోర్టులో ఒక వకీల్‌ను కలుస్తున్నాం. జీతం బకాయి ఇప్పుడు రాదని నాకు తెలుసు. కానీ ఆ కాగితం మీద ఒక తారీఖు ఉంటుంది. ముమానీ కోరింది అదొక్కటే. ఏ రోజున ఫాతిహా చదవాలో తెలియాలంట.